నూటికి ఎన్ని మార్కుల అమాయకత్వం?

అమెరికాలో హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ పేరుతో ఒక ప్రశ్నపత్రం లోకమంతా తిరుగుతోంది. దాని పేరు రైస్ ప్యూరిటీ టెస్ట్. 1924లో అక్కడి విద్యార్థి పత్రిక రైస్ థ్రెషర్‌లో అమ్మాయిల కోసం వచ్చిన చిన్న పరీక్షే దీనికి మూలం. అబ్బాయిల పవిత్రత మీద అప్పట్లో ఎవరికీ అనుమానం లేదు కాబోలు! ఇప్పుడు ప్రశ్నలు నూరు. చేసిన పనికల్లా టిక్కు పెట్టాలి. టిక్కుకో మార్కు కోస్తారు, మిగిలిందే మీ అమాయకత్వం. ఈ లెక్కన పుట్టినప్పుడు అందరిదీ నూటికి నూరే, ఆ తర్వాత బతకడమంటే మార్కులు పోగొట్టుకోవడమే.

ప్రశ్నల సంగతి అలా ఉంచి, దిద్దే తీరు చూడండి. ప్రేమగా చెయ్యి పట్టుకుంటే ఒక మార్కు పోతుంది. ఘోర నేరంలో శిక్ష పడిందా అన్న ప్రశ్నకూ పోయేది ఒక మార్కే. ముద్దుకొస్తే మాత్రం ఎక్కడలేని శ్రద్ధ: పరాయివాళ్లను పెట్టుకున్నారా అని ఒకటి, పెదవుల మీదా అని ఇంకొకటి, మెడ మీదా అని మరొకటి, పడుకునా అని వేరొకటి. ఒక్క ముద్దును ఇన్ని ముక్కలు చేసినవాళ్లకు లంచం తిన్నారా, పాలలో నీళ్లు కలిపారా, కట్నం కోసం కోడల్ని ఏడిపించారా అని అడగడానికి ఒక్క ప్రశ్న మిగల్లేదు. పాణిగ్రహణం చేసుకుని కాపురం చేసుకుంటున్న ఇల్లాలికి బోలెడు మార్కులు పోతాయి, బ్రహ్మచారి వడ్డీ వ్యాపారికి నూరూ భద్రం. పోలీసుల పద్దు ఇంకా విచిత్రం. ప్రశ్నించారా, అరెస్టు చేశారా, శిక్ష పడిందా అంటారే తప్ప ఎందుకని అడగరు. 1922లో రాజద్రోహం కింద ఆరేళ్ల జైలుశిక్ష పడ్డ గాంధీగారికి ఈ పద్దులో కోత తప్పదు. దొరకని దొంగ మాత్రం ఇక్కడ దొరే.

సరదాకి పెట్టినదానికి ఇంత రాద్ధాంతమా అంటారు. ఇది చేసితీరాల్సిన పనుల చిట్టా కాదనీ, అన్నీ పూర్తిచేస్తే ప్రాణం పోవచ్చనీ ఆ టెస్టే పైన హెచ్చరిస్తుంది కూడా. ఒప్పుకుంటాను, చమత్కారం బాగానే ఉంది. కానీ సరదాకైతే ప్రశ్నలు చాలు, నవ్వుకుని లేచిపోవచ్చు. చివర్లో ఒక అంకె చేతిలో పెట్టాక అది పోలికకే పనికొస్తుంది. కుర్రకారు ఒకరి స్కోరు ఒకరికి చూపించుకునేది అందుకే. ఏ పనికి ఎంత బరువో ఎవరు తేల్చగలరు, అందుకే అన్నిటికీ సమానం అనే వాదన కూడా ఉంది. తేల్చడానికి ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. 1967లో హోమ్స్, రాహీ అనే మానసిక వైద్యులు జీవితంలోని 43 ఘటనలు ఎంత ఒత్తిడి తెస్తాయో జనాన్ని అడిగి పాయింట్లు కట్టారు. జీవిత భాగస్వామి మరణానికి 100, జైలుకు 63, పెళ్లికి 50, చిన్నాచితకా చట్ట ఉల్లంఘనకు 11. జైలుకూ పెళ్లికీ తేడా పదమూడేనా అని ఎవరైనా పోట్లాడవచ్చు. బరువులు బయటపెట్టారు కాబట్టే ఆ పోట్లాట సాధ్యం. అన్నీ సమానమనడమూ తీర్పే, కాకపోతే అది తీర్పులా కనపడదు.

కాలేజీ రోజుల్లో విద్యార్థులు తమ ఎదుగుదలను గమనించుకోవడానికి ఇది పనికొస్తుందని ఆ టెస్టే చెప్పుకుంటుంది. కానీ ఇందులో పోయిన మార్కు తిరిగి రాదు. ఒక్కసారి తాగి వదిలేసినవాడికీ రోజూ తాగేవాడికీ ఒకటే కోత. తాగుడు మానినందుకు, చేసిన తప్పు సరిదిద్దుకున్నందుకు గడి లేదు. పైగా అన్నీ చేసి ఏమీ ఎరగనట్టు గళ్లన్నీ ఖాళీగా వదిలేస్తే నూటికి నూరూ వస్తాయి. అబద్ధానికి ఇక్కడ కోత లేదు మరి.