తెల్ల బెల్టు ఆపగలిగినవాడే మాస్టర్

తమ్ముడూ, పోచంపల్లిలో జుజుట్సు సెంటర్ పెడుతున్నావట, సంతోషం. షెడ్డు కిరాయికి దొరికింది, మ్యాట్లు హైదరాబాద్ నుంచి వస్తున్నాయి, ఫ్లెక్సీ మీద నీ ఫొటో కౌన్సిలర్ ఫొటో కంటే ఒక సైజు చిన్నగానే వేయించావు. తెలివైనవాడివే. చెయ్యి మెలిపెట్టడం, మెడ బిగించడం నీకు వచ్చు. రానిదల్లా బెల్టుల లెక్క. అది నేను చెబుతాను, రాసుకో.

అసలు ఈ రంగులు ఎక్కడివో ముందు తెలుసుకో. జూడో పెట్టిన జిగొరో కానో కాలంలో కొత్తవాళ్లకు తెలుపు, ఆరితేరినవాళ్లకు నలుపు. మధ్యలో ఈ ఇంద్రధనుస్సు 1930లలో పారిస్‌లో నేర్పిన కవాయిషి అనే జపాన్ గురువు చలవ అంటారు. మూడు నెలలకో రంగు కనిపిస్తే శిష్యుడు నిలుస్తాడు, శిష్యుడు నిలిస్తే ఫీజు నిలుస్తుంది. ఇంత గొప్ప విషయం కనిపెట్టినాయనకు మన కరాటే మాస్టర్లు ఒక్క విగ్రహమైనా పెట్టలేదు. ఆ జూడోయే మయేదా అనే ఆయన వెంట బ్రెజిల్ పోయింది, గ్రేసీ అనే కుటుంబం చేతిలో నేల మీది పోరుగా మారింది, ఇన్నాళ్లకు నీ షెడ్డుకొచ్చింది.

నీ ఆటలో పెద్దవాళ్లకు తెలుపు, నీలం, ఊదా, గోధుమ, నలుపు. నీలంలో కనీసం రెండేళ్లు, ఊదాలో ఏడాదిన్నర, గోధుమలో ఏడాది ఉండాలి, పందొమ్మిదేళ్లు నిండనిదే నలుపు లేదు అని అంతర్జాతీయ సమాఖ్య ఐ.బి.జె.జె.ఎఫ్. రూలు. ఆ రూలును రెండుసార్లు చదువు. ఎంత తొందరగా ఇవ్వకూడదో రాశారు. ఎన్నేళ్లకు మించి ఆపకూడదో రాయలేదు. నీ సంపాదనంతా ఆ రాయని చోటే ఉంది.

నీ దగ్గరకు రెండు రకాల పిల్లలు వస్తారు: ఫీజు కట్టేవాళ్లు, మెడల్ తెచ్చేవాళ్లు. మొదటి రకానికి బెల్టు ఆపితే నువ్వు మూర్ఖుడివి. రెండో రకానికి బెల్టు ఇస్తే మరీ మూర్ఖుడివి.

ఫీజు కట్టేవాళ్ల సంగతి తేలిక. పదహారేళ్ల లోపు వాళ్లకు బూడిద, పసుపు, నారింజ, ఆకుపచ్చ ఉన్నాయి, ఒక్కో రంగులో మళ్లీ మూడు రకాలు. అవి చాలకపోతే బెల్టు కొసన తెల్ల ప్లాస్టర్ గీతలు. ప్లాస్టర్ చుట్ట ఒకటి కొంటే ఏడాది వస్తుంది, టెస్టు ఫీజు మాత్రం గీతకో మారు. టెస్టు రోజున స్కూల్ గ్రౌండ్‌లో టెంటు వేయించు, మైకు పెట్టించు, సర్టిఫికెట్ మీద బంగారు రంగు అంచు ఉండేలా చూడు. ఏ తండ్రో పక్కకు పిలిచి, "సార్, మావోడు ఇంట్ల చెల్లెతోని గూడ పట్టుల ఓడిపోతుండు, పసుపు బెల్టు ఎట్లొచ్చింది?" అని అడుగుతాడు. తడుముకోకు. "అన్నా, ఇది కొట్లాట బెల్టు కాదు, డిసిప్లిన్ బెల్టు" అను. ఇంక మాట్లాడడు. 1951 ఏప్రిల్ 18న వినోబా అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చిన ఊరు ఇది. ఇవ్వడం ఇక్కడ కొత్త కాదు. నువ్వు ఊరికే ఇవ్వకు, అంతే.

ఇక అసలు విద్య రెండో రకం దగ్గర. వెయ్యిమందిలో ఒకడుంటాడు. చెప్పక ముందే నడుము తిప్పుతాడు, ఎదుటివాడి కాలర్ చేతికి చిక్కిందంటే వదలడు. వాణ్ణి మూడేళ్లయినా, నాలుగేళ్లయినా తెల్ల బెల్టులోనే ఉంచి, కొత్తవాళ్ల పోటీల్లో దించు. బయట దేశాల్లో దీన్ని శాండ్‌బ్యాగింగ్ అని తిడతారు. నువ్వు "పునాది గట్టిపడాలె" అని చెప్పుకో.

మన ఊళ్లో ప్రింటు కొట్టిన బట్టను ఇక్కత్ అని టూరిస్టులకు అంటగట్టేవాళ్లున్నారు. చీర తిరగేసి చూస్తే వాళ్ల గుట్టు బయటపడుతుంది, చిటికి కట్టి రంగులద్ది నేసినదైతే వెనకా ముందూ ఒకేలా ఉంటుంది కదా. నీది దానికి తలకిందుల బేరం. అసలు ఇక్కత్‌కు ప్రింటు చీటీ అంటించి, ప్రింటు చీరల పోటీలో పెట్టి, మొదటి బహుమతి కొట్టడం. అనుమానం వచ్చినా తిరగేసి చూడడానికి ఇక్కడ వెనకవైపంటూ లేదు.

వేరే దారులు వెతక్కు, అన్నీ మూసేశారు. బరువు దొంగతనం చేద్దామంటే మొదటి బౌటుకు ముందే, ఆట డ్రెస్సు గీ తొడుక్కునే కాటా ఎక్కాలి, అదీ ఒక్కసారే. ముందురోజు నీళ్లు మానేసి తెల్లారేసరికి తాగి లావెక్కే బాక్సర్ల ఎత్తు ఇక్కడ సాగదు. వయసు మాటా అంతే. హెడ్‌మాస్టర్లు బడిలో చేరినవాళ్లందరినీ జూన్‌లో పుట్టించిన రోజులు పోయాయి. క్రికెట్ బోర్డు వాళ్లయితే మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకనే అడుగుతున్నారు. బెల్టుకు కాటా లేదు, ఎక్స్‌రే లేదు. ఉన్నదల్లా ఫారం మీద నీ సంతకం. సంక్రాంతి కబడ్డీలో బయటి ప్లేయర్‌ను దించితే "ఈడు మా ఊరోడు కాదు" అని మైకులో అరిచేవాడు ఒక్కడైనా ఉంటాడు. ఇక్కడ అరవాలంటే ముందు ఆట తెలిసుండాలి.

అయినా జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. నాలుగేళ్లు కట్టిన తెల్ల బెల్టు మట్టి రంగుకు తిరిగి, అంచులు పీచులు లేచి ఉంటుంది, టోర్నీకి కొత్తది కొనిపెట్టు. ముడి సరిగ్గా వేయనివ్వకు, బౌటు మధ్యలో ఒకసారి ఊడాలి. మొదట్లో ఒక టేక్‌డౌన్ ఇచ్చేయమను, పోయేది రెండు పాయింట్లే. కింద పడ్డాక ఒకసారి రెఫరీ వైపు బిక్కమొహం వేసి చూడమను. ఆ తర్వాత వాడి ఇష్టం, ఐదు నిమిషాల బౌటులో నాలుగు మిగిలే ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం చెవి. ఏళ్ల తరబడి తల రుద్దుకొని కుస్తీ పట్టినవాడి చెవి రక్తం గడ్డకట్టి కాలీఫ్లవర్ పువ్వులా ముడుచుకుపోతుంది. ఫారం మీద తెలుపు రాసి ఆ చెవితో వస్తే తెలిసినవాడు నవ్వుతాడు. జుట్టు పెంచమను. జూడో బ్లాక్ బెల్టు ఉన్నవాణ్ణి తెల్ల బెల్టులో దించితే ఐ.బి.జె.జె.ఎఫ్. వాళ్లు ఒప్పుకోరు, కనుక వాడు పాత జూడో ఫొటోలు ఫోన్‌లోంచి తీసేయాలి, వాళ్లమ్మ వాట్సాప్ స్టేటస్‌లోంచి కూడా. చాలామంది మాస్టర్లు ఈ రెండోది మరిచిపోయి దొరికారు.

ఎదురుగా వచ్చేవాడి గురించి ఆలోచించకు. నకిరేకల్ నుంచో దేవరకొండ నుంచో మూడు నెలలు నేర్చుకొని పొద్దున్నే బస్సెక్కి వచ్చిన పిల్లాడు ఉంటాడు. ఓడిపోతున్నానని తెలిసినప్పుడు చేత్తో రెండుసార్లు తట్టాలన్న సంగతి వాడికి ఆ కంగారులో గుర్తుకు రాదు. మోచేయి చాచుకుపోతుంటే అరుస్తాడు. రెఫరీ ఆపుతాడు. వాళ్ల నాయన ఐస్ గడ్డ కోసం సోడా బండి దగ్గరకు ఉరుకుతాడు. నువ్వు అప్పుడు ఫొటోలో ఉండాలి, మెడల్ సరిగ్గా వెలుతురులోకి వచ్చేలా. ఆ పిల్లాడు మళ్లీ ఆటకు రాకపోతే అది వాళ్ల మాస్టర్ నష్టం.

పెద్ద చిక్కు ఒక్కటే: మెడల్ తెచ్చేవాడే ఒకరోజు వచ్చి నిలబడతాడు. "సార్, నా వెనక ఒచ్చినోళ్లకు నీలం ఇచ్చిండ్రు. వాళ్లను రోజు నేనే పడగొడుతున్న." ఇది ప్రమాదకరమైన ఘడియ. భుజం మీద చెయ్యి వేసి, బెల్టు నడుముకు కాదు బిడ్డా మనసుకు, అను. ఆరు నెలలు గడుస్తాయి. తర్వాత, గవర్నమెంటు కొలువుల్లో ఆటగాళ్లకు 2 శాతం కోటా ఉందని, మెడల్ల ఫైల్ మందంగా ఉండాలని వాళ్ల నాయనకు చెప్పు. ఈ ఆట ఆ జాబితాలో ఉందా అని ఆయన అడిగితే టీ తెప్పించు.

ఏదో ఒకరోజు వాడు పోతాడు. చౌటుప్పల్‌లో సొంత సెంటర్ పెడతాడు, ప్రారంభోత్సవానికి నిన్నే పిలుస్తాడు. పో, శాలువా కప్పించుకో. ఏడాది తిరగకుండా జిల్లా టోర్నీలో నీ ఫీజు పిల్లల మీదికి వాడి తెల్ల బెల్టులు దిగుతాయి, అందరికీ జుట్టు చెవుల మీదిదాకా ఉంటుంది. అప్పుడు మాత్రం ఊరుకోకు. ఆటలో నీతి లేకుండా పోయిందని టేబుల్ గుద్ది ప్రొటెస్ట్ రాయి. ప్రొటెస్ట్ ఫీజు నగదే తీసుకుంటారు, తిరిగివ్వరు. ఆ మూల్యం కూడా టెస్టు ఫీజులో ఇప్పుడే కలిపేసుకో.