బావమరిది నంబరు

కారుకు 9999 నంబరు కోసం ఆర్టీఏ వేలంలో లక్షలు పోసిన మా బావమరిదిని చూసి నవ్వే అర్హత నాకు లేదు. అయినా నవ్వాను.

‘‘అన్నీ తొమ్మిదులే బావా, కూడుకుంటూ పోతే చివరికి మిగిలేదీ తొమ్మిదే’’ అన్నాడు.

నేను గొంతు సవరించుకున్నాను. మా ఇంట్లో ఆ చప్పుడు వినగానే ఎవరికి వాళ్లకు పనులు గుర్తొస్తాయి. అల్లుడి మర్యాద కోసం మామగారొక్కరే ఆగారు.

‘‘బావమరిది నంబరంటే అదీ! అమెరికాలో పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ విలాన్‌స్కీ అని గణితాచార్యుడు. ఆయన బావమరిది హెరాల్డ్ స్మిత్. అతగాడి ఫోన్ నంబరు 4937775. మనమైతే ఫోన్ చేసి ఊరుకుంటాం. ఈయన దాన్ని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టాడు: 3 × 5 × 5 × 65837. నంబరులోని అంకెలన్నీ కూడితే 42. కారణాంకాల్లోని అంకెలన్నీ కూడినా 42! 1982లో ఆ సంగతి ప్రకటించి, ఇలాంటి వాటికి స్మిత్ సంఖ్యలని పేరు పెట్టాడు. ప్రధాన సంఖ్యలకు ఈ గుణం ఎలాగూ ఉంటుంది కనక వాటిని దూరం పెట్టాడు. మరి నీ 9999? అంకెల మొత్తం 36. కారణాంకాలు 3, 3, 11, 101. వాటి అంకెలు కూడితే పదే. ఇరవయ్యారు తేడా!’’

‘‘ఆ ఇరవయ్యారూ కూడా కట్టేయమంటావా బావా?’’ అంటూ వాడూ గుమ్మం దాటాడు.

వాడికి తెలియని సంగతొకటి ఉంది. ఈ ఫ్లాటు కొనేటప్పుడు మా ఆవిడ తూర్పు వాకిలి ఉన్న 301 కావాలంది. మెట్లు తక్కువని నచ్చజెప్పి నేను 202 తీసుకున్నాను. అసలు కారణం, 202 అంటే 2 × 101. అటు కూడినా 4, ఇటు కూడినా 4. మూడొందల ఒకటి 7 × 43. అక్కడ 4, ఇక్కడ 14. అలాంటి ఇంట్లో కాపురం ఎలా చేస్తాం? ఇప్పుడు సాయంత్రమైతే పడమటి ఎండకు హాలు పెనంలా కాలుతుంది. కరెంటు బిల్లు వస్తే కట్టడానికి ముందు దాన్నీ విడగొట్టి చూస్తాను.

పైగా ఈ గొప్ప సంఖ్యది కూడా కాదు, మనం రాసే తీరుది. అదే 202ను కంప్యూటరు లాగా సున్నాలూ ఒకట్లతో రాస్తే ఒకవైపు 4, మరోవైపు 5 వస్తాయి. ఆ లెక్కన బావమరిది వేలంపాటకూ నా గణితానికీ ఉన్న తేడా, వాడు ఒక్కసారి కట్టి ఊరుకున్నాడు, నేను నెలనెలా కడుతున్నాను.

ఈ మాటలన్నీ మామగారితో పైకే అనేశానని, వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగాక గానీ తెలియలేదు.

‘‘అయితే మెట్లు తక్కువని కాదన్నమాట’’ అంటూ వచ్చింది మా ఆవిడ.

శాస్త్రం అడ్డం పెట్టుకున్నాను. ‘‘ఇది అల్లాటప్పా వ్యవహారం కాదు. స్మిత్ సంఖ్యలు అంతులేనన్ని ఉన్నాయని 1987లో వేన్ మెక్‌డేనియల్ నిరూపించాడు తెలుసా!’’

‘‘అన్ని ఉంటే, వాటిలో తూర్పు వాకిలిది ఒక్కటీ దొరకలేదూ మీకు?’’