ఏడు నాగుమమ్మ! (టీకా తాత్పర్య విశేషాంశ సహితం)

మూలం

నూనె తలకు నంటి నురుగెత్తు కుంకుడు
రసముఁ బోసి కడిగి రాచకుండఁ
గొసలు కోసి చిక్కు కుదురుగా విడదీసి
యేడు నాగుమమ్మ! యింతె చాలు.

అవతారిక

ఈ పద్యం భట్టిప్రోలు శాసనాల్లో లేదు, తంజావూరు సరస్వతీ మహలు తాళపత్రాల్లోనూ దొరకదు. టీక రాయాలని ముచ్చట పుట్టింది, టీకకు మూలం కావాలి గనక టీకాకారుడే ఒక రాత్రి కూర్చుని అల్లుకున్నాడు. కవీ వ్యాఖ్యాతా ఒక్కరే అయినప్పుడు కవిహృదయం మీద తగువు ఉండకూడదు. ఉంది, ముందు ముందు కనబడుతుంది. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కోలాచలం మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేసి నిలబెట్టుకున్నాడు. ఈ టీకాకారుడికి అంత నిగ్రహం లేదు.

సందర్భం ఇది. నాయిక రేపల్లె పిల్ల. బాపట్లలో ఇంజనీరింగు మూడో ఏడు చదువుతోంది. రేపల్లె నుంచి బాపట్లకు రైల్లో పోవాలంటే తెనాలిలో బండి మారాలి. అక్క పెళ్ళి నాలుగు రోజులుందనగా, ఆ బండి మారే ఊళ్ళోనే ఒక పార్లరుకి వెళ్ళి స్మూతెనింగ్ చేయించుకుంది. ఆంధ్రా ప్యారిస్ అన్న బిరుదు ఊరికే రాలేదు గదా. పెళ్ళి వీడియోలో జుట్టు నిగనిగలాడింది. మూడు నెలలు తిరిగేసరికి దువ్వెన నిండా తెగిన ముక్కలు. పిల్ల ఏడుస్తూ అమ్మమ్మకి చూపించింది. అమ్మమ్మ ఆ పార్లరువాళ్ళని నాలుగు తిట్టి (వాటికి గణాలు కుదరలేదు) పై పద్యం చెప్పింది.

ప్రతిపదార్థం

అమ్మ = ఓ మనవరాలా, తలకున్ = తలకు, నూనె అంటి = నూనె పట్టించి, నురుగెత్తు = చేత్తో గిలక్కొడితే నురగ వచ్చేటటువంటి, కుంకుడు రసమున్ పోసి = కుంకుడుకాయల రసం పోసి, కడిగి = శుభ్రంగా కడిగి, రాచకుండన్ = తువ్వాలుతో రుద్దకుండా, కొసలు కోసి = చీలిన చివళ్ళు కత్తిరించి, చిక్కు = చిక్కును, కుదురుగా = తొందరపడక, విడదీసి = విప్పి, ఏడున్ = ఒక సంవత్సరం పాటు, ఆగుము = ఓపిక పట్టు; ఇంతె చాలు = ఇంతకు మించి డబ్బు తగలెయ్యకు.

తాత్పర్యం

పాడైన జుట్టు బాగుపడదు. మంచి జుట్టు వచ్చేదాకా ఉన్నదాన్ని తెగనివ్వకుండా కాపాడుకోవాలి.

ఛందస్సు ఆటవెలది. కందంలో రాద్దామంటే ప్రాస కుదిరేలోగా జుట్టు పెరిగిపోయేట్టుంది. అలంకారం లేదు. పెళ్ళికి చేసిన అలంకారమే ఇంత తెచ్చింది.

విశేషాలు

నూనె: ఏ నూనె అన్న ప్రశ్న మీద మూడు ఊళ్ళలో మూడు మతాలున్నాయి. నువ్వులదని కొందరు, ఆముదమని కొందరు, కొబ్బరినూనె అని ఎక్కువమంది. హేతువాద రచయిత కొడవటిగంటి కుటుంబరావు 1909లో పుట్టిన ఊరు తెనాలి, అక్కడ రుజువు అడక్కుండా ఎవరూ ఊరుకోరు. కనుక రుజువు: 2003లో రేలే, మోహిలే అనే ఇద్దరు ముంబయి పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ వెంట్రుకల మీద పరీక్షించారు. కడిగినప్పుడూ దువ్వినప్పుడూ వెంట్రుకలోంచి పోయే ప్రొటీనును తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులోని లారిక్ ఆమ్లం అణువు చిన్నది, తిన్ననిది, అందుకే వెంట్రుక లోపలికి దిగుతుంది. ఆ పరిశోధకులిద్దరూ కొబ్బరినూనె అమ్మే మారికో కంపెనీ వాళ్ళు. ఆ సంగతి గుర్తు పెట్టుకునే చదవాలి, అయితే చదవకుండా వదిలేయనక్కర్లేదు. నువ్వుల నూనెను ఆ పరీక్షలో పెట్టలేదు గనక నువ్వులవాళ్ళు ఓడిపోయినట్టు కాదు. ఆముదం రాస్తే కొత్త జుట్టు మొలుస్తుందనడానికి మాత్రం గట్టి రుజువు లేదు. అది జిడ్డుగా పైన పట్టి ఉంటుంది, అంతే. దాన్ని వదిలించడానికి రుద్దే రుద్దుడుకి ఉన్న నాలుగు వెంట్రుకలూ ఊడతాయి.

ఇక్కడ క్రమం ముఖ్యం. "అంటి" ముందు, "కడిగి" తర్వాత. నీళ్ళు తగిలితే వెంట్రుక ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. ప్రతి తలంటికీ ఇదే తంతు గనక పైపొర లేచిపోతుంది. ముందుగా పట్టించిన నూనె ఆ ఉబ్బును తగ్గిస్తుంది. స్నానమయ్యాక నూనె రాసుకుని కాలేజీకి పోయేవాళ్ళు బాపట్ల బస్సు దుమ్ము మోసుకొస్తారు. చుండ్రు ఉన్నవాళ్ళు మాడుకి దట్టంగా పట్టించకూడదు, చుండ్రుకి కారణమైన సూక్ష్మజీవికి నూనే ఆహారం.

నురుగెత్తు: ఈ విశేషణం వ్యర్థపదం కాదు. కుంకుడుకాయలో నురగనిచ్చేవి సాపోనిన్లు. సబ్బు ఉప్పునీళ్ళలో కలిస్తే అందులోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి తెట్టు కడుతుంది, ఆ తెట్టు జుట్టుకి పట్టుకుని బిరుసెక్కిస్తుంది. సాపోనిన్లకు ఆ జబ్బు లేదు. నేటి షాంపూలకు కూడా చాలావరకు లేదు. కాబట్టి ఒంటి సబ్బుతోనే తలంటుకునే మగమహారాజులు ఈ వాక్యం రెండోసారి చదవాలి.

నీళ్ళ మాట వచ్చింది గనక ఆగాలి. కృష్ణ పడమటి డెల్టాలో జుట్టు గురించి మాట్లాడితే నీళ్ళ గురించి మాట్లాడక తప్పదు. తెనాలి వాళ్ళకి ఊళ్ళోంచే కాలవలు పోతాయి. సముద్రం వైపు దిగేకొద్దీ, బాపట్ల, రేపల్లె పక్కన, బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే. ఎండాకాలం కాలవ కట్టేస్తే ఆ నీళ్ళే తలకి గతి. సూర్యలంకలో సముద్రస్నానం చేసి ఉప్పుతో, ఎండతో అలాగే ఇంటికొచ్చే ఆదివారాలు వేరే. పిల్లల జుట్టు ఊడితే డెల్టాలో ప్రతి తల్లీ చెప్పే మొదటి కారణం "ఆ హాస్టలు నీళ్ళమ్మా". ఇది సగమే నిజం. ఉప్పునీళ్ళు వెంట్రుకను గరుకు చేస్తాయి, చిక్కు పడేట్టు చేస్తాయి, చిక్కు లాగితే తెగుతుంది. కుదుళ్ళతో సహా గుప్పిళ్ళుగా రాలుతుంటే మాత్రం కారణం చాలాసార్లు తల లోపలో, ఒంటి లోపలో ఉంటుంది: రక్తంలో ఇనుము తగ్గడం, థైరాయిడ్, పెద్ద జ్వరం, కాన్పు. హాస్టలు నీళ్ళకీ హాస్టలు తిండికీ మధ్య నేరం పంచాలంటే టీకాకారుడు తిండికి ఎక్కువ వేస్తాడు.

రాచకుండ: ఇక్కడ పాఠాంతరం ఉంది. తెనాలి ప్రతిలో "రాచకుండ", రేపల్లె ప్రతిలో "రాల్చకుండ". గణాలు రెండిటికీ సరిపోతాయి. రాల్చకుండా అన్న పాఠం భావానికి బాగానే ఉంది కానీ అది ఎవరి చేతిలోనూ లేని పని. తలంటి పోసుకున్నా పోసుకోకపోయినా ఆరోగ్యవంతుల తలలోంచి రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు రాలుతూనే ఉంటాయి. కనుక "రాచకుండ" అన్నదే కవిసమ్మతం (కవిని అడిగి చూశాను). తడి జుట్టు సాగుతుంది, సాగినదాన్ని లాగితే తెగుతుంది. తువ్వాలుతో బరబరా రుద్దడం, తడి తల మీద దువ్వెన ఈడ్చడం, తడిజుట్టు ముడివేసి బండి పట్టుకోవడం, ఈ మూడూ నిషిద్ధాలు. రింగుల జుట్టు వాళ్ళకు మినహాయింపు ఉంది. వాళ్ళు కాస్త తడిగా ఉన్నప్పుడే వెడల్పు పళ్ళ దువ్వెనతో చిక్కు తీసుకోవడం మేలు.

పూర్వం తలంటాక సాంబ్రాణి పొగ పట్టేవాళ్ళు. ఇప్పుడు ఇస్త్రీ కడ్డీ. రెండు వందల డిగ్రీలకు పైగా కాగే రెండు పలకల మధ్య తడి వెంట్రుకను నొక్కితే లోపలి నీరు ఆవిరై బుడగలుగా పొంగుతుంది. ఆ బుడగ ఉన్నచోట వెంట్రుక విరుగుతుంది.

కొసలు కోసి: ఇక్కడే నాయిక గొడవపడింది. "జుట్టు పెంచమంటే కత్తిరించమంటావేమే అమ్మమ్మా!" అని. అమ్మమ్మ పక్షాన సమాధానం: కంటికి కనిపించే వెంట్రుక మొత్తం నిర్జీవం. ప్రాణం ఉన్నది మాడు లోపలి కుదురులోనే. వెంట్రుక పైపొర పెంకుటింటి పెంకుల వరసలా ఒకదాని మీద ఒకటి పరచి ఉంటుంది. అది లేచిపోయి కొస రెండుగా చీలితే మళ్ళీ అతుక్కోదు, సీసాలో మందు అతికించినట్టు కనిపించేది తర్వాతి తలంటి దాకానే. వదిలేస్తే చీలిక పైకి పాకుతుంది. పైగా జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు, ఇంకాస్త, పెరుగుతుంది. ఆ లెక్కన నడుం దాకా ఉన్న జడ కొసకు అయిదేళ్ళ వయసు. నాయిక ఏ కొసల కోసం ఏడ్చిందో ఆ కొసలు ఆమె టెన్త్ పరీక్షలు రాసినప్పుడు పుట్టినవి. అన్ని ఎండలు, అన్ని తలంట్లు, అన్ని రబ్బరుబ్యాండ్లు చూసినవాటికి ఒక రిటైర్మెంటు ఇవ్వడంలో తప్పు లేదు.

స్మూతెనింగ్ ఏం చేసిందన్నది ఇక్కడే చెప్పాలి. వెంట్రుకలోని కెరటిన్ పోగుల్ని గంధకం బంధాలు కలిపి ఉంచుతాయి. మందు పూసి వాటిని తెంచి, వేడి మీద తిన్నగా సాగదీసి, మళ్ళీ కలుపుతారు. తెంచినవన్నీ తిరిగి కలవవు. "కెరటిన్ ట్రీట్‌మెంట్" అని ఇంకొకటి ఉంది. పేరు వింటే జుట్టుకి అన్నం పెడుతున్నట్టు ఉంటుంది. వాటిలో చాలా రకాలు వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ ఆవిరి వదులుతాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో దాన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో చేర్చింది. పార్లర్లో కళ్ళు మండితే కుంకుడు రసం పడ్డప్పటిలా కడుక్కుని ఊరుకోకూడదు, లేచి బయటికి రావాలి.

ఏడు నాగుమమ్మ: దీనికి బాపట్ల హాస్టలు వ్యాఖ్య ఒకటి ఉంది. నాగు అనగా పాము, కవిసమయంలో పాము అనగా జడ, కనుక ఏడు జడలు వేసుకొమ్మని అర్థమట. ఇది దుష్టవ్యాఖ్య. బిగించి లాగి వేసిన జడ ఒక్కటి చాలు, నుదుటి మీద జుట్టు వెనక్కి జరగడానికి.

సరైన అన్వయం వేరు. అంటి, పోసి, కడిగి, కోసి, విడదీసి అన్నవన్నీ క్త్వార్థకాలు. వాక్యం వాటితో ముగియదు. ఆ వాక్యానికి సమాపక క్రియ "ఆగుము" ఒక్కటే. నూనె సీసాలు, షాంపూలు, సీరమ్‌లు అమ్మేవాళ్ళు మనకి క్త్వార్థకాలు అమ్ముతున్నారు. క్రియ మాత్రం అంగట్లో దొరకదు. టీకాకారుడు ఈ పద్యం రాసిందీ, టీక రాసిందీ ఈ ఒక్క అన్వయం కోసమే.

ఏడాదే ఎందుకు? తెగిన జుట్టు మళ్ళీ పెరగాలి గదా, రాలిన జుట్టుకూ అంతే పడుతుంది. పెద్ద జ్వరమో, కాన్పో, ఆపరేషనో అయితే చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశకి పోతాయి. రాలేది అప్పుడు కాదు, రెండు మూడు నెలలు తిరిగాక. డెంగీ తగ్గి అందరూ మరిచిపోయాక జుట్టు ఊడుతుంది, నేరం కొత్తగా కొన్న షాంపూ మీద పడుతుంది. రాలడం సాధారణంగా ఆరు నెలల్లోపు తగ్గుతుంది, ఆ తర్వాత మొలిచింది కంటికి ఆనడానికి మరికొన్ని నెలలు.

ఈ వ్యవధిలో నాయికకు రెండు లక్షణాలు తెలిసి ఉండాలి. రాలిన వెంట్రుక ఒక చివర చిన్న తెల్లటి బొడిపె ఉంటే అది కుదురు నుంచి రాలింది. లేకపోతే మధ్యలో తెగింది. రెండోది: నుదుటి మీద పొట్టి వెంట్రుకలు నిలబడి ఎంత దువ్వినా అణగకపోతే, వాటి కొస చూడాలి. సన్నగా తేలితే కొత్తగా మొలిచినవి, మొండిగా ఉంటే తెగినవి. నాయిక అయిదో నెలలో ఆ పొట్టివాటిని చూసి మళ్ళీ ఏడవబోయింది. అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఇవి నీవేనే, కొత్తవి" అంది.

పూర్వపక్షం: ఈ తంతంతా దేనికి, తిరుమల కల్యాణకట్టలో గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుంది గదా అని నాయిక మేనత్త. సిద్ధాంతం: మంగలి కత్తి కుదురు దాకా పోదు. గీస్తే వెంట్రుకలు ఒత్తుగా పెరగవని 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికా శాస్త్రవేత్త కొలిచి చూపించింది. కోసిన కొస మొండిగా ఉంటుంది గనక చేతికి ముతకగా తగులుతుంది. అయితే మేనత్త మాటలో ఒక సత్యం ఉంది. పాడైన జుట్టు మొత్తం ఒక్క పూటలో వదిలించుకునే మార్గం అదొక్కటే. మొక్కుకున్నవాళ్ళు నిరభ్యంతరంగా వెళ్ళవచ్చు.

మరో పూర్వపక్షం బయోటిన్ బిళ్ళలు. ఒంట్లో ఆ విటమిను తక్కువైనవాళ్ళకే ఉపయోగం, అలాంటివాళ్ళు అరుదు. పైగా ఆ బిళ్ళలు కొన్ని రక్తపరీక్షల్ని తప్పు చూపిస్తాయని 2017లో అమెరికా ఆహార ఔషధ సంస్థ హెచ్చరించింది. థైరాయిడ్ పరీక్ష అందులో ఒకటి. జుట్టు ఎందుకు ఊడుతోందో చెప్పగల పరీక్షనే జుట్టు మందు చెడగొడుతుందన్నమాట.

దోష విచారణ

ఈ పద్యంలో ఒక పెద్ద లోపం ఉంది, కవి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. డాక్టరు లేడు. రూపాయి బిళ్ళంత మేర నున్నగా ఊడినా, మాడు ఎర్రబడి పొక్కులొచ్చినా, పాపిడి నెలనెలా వెడల్పవుతున్నా, రాలడం ఆరు నెలలు దాటినా కుంకుళ్ళు నానబెడుతూ కూర్చోకూడదు. చర్మవైద్యుల దగ్గరికి పోవాలి, ఇనుమూ థైరాయిడూ చూపించుకోవాలి. కొన్ని రకాల జబ్బుల్లో ఆలస్యమైతే కుదుళ్ళు మళ్ళీ రావు.

ఫలశ్రుతి

ఈ టీక భక్తితో చదివినవారికి ఏడాదికి పన్నెండు నుంచి పదిహేను సెంటీమీటర్ల జుట్టు పెరుగుతుంది. చదవనివారికి కూడా అంతే.