డయలు పంచాక్షరి: టీకా తాత్పర్య సహితం

అవతారిక

టీకలు కడప జిల్లాకు కొత్త కాదు. 1820లలో సి.పి.బ్రౌన్ దొర కడపలో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి, రాతప్రతులు పోల్చి పాఠాలు తేల్చే పని పెట్టుకున్నారు. ఆయన కొలువులో పనిచేసిన జూలూరి అప్పయ్య పంతులు మనుచరిత్ర, వసుచరిత్రలకు వ్యాఖ్యలు రాశారు. ఇంత సంప్రదాయం ఉన్న జిల్లాలో, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పెండ్లిండ్లలో చేతులు మారే ఒక గ్రంథానికి మాత్రం టీక కరువైంది. కాంపాక్ట్ కెమెరా నెత్తిన కూర్చున్న గుండ్రటి డయలే ఆ గ్రంథం.

కర్త కెనాన్. 2000లో వచ్చిన పవర్‌షాట్ జీ1 మొదలు 2010 నాటి జీ12 దాకా మూలపాఠం చెక్కుచెదరలేదు. చేతిసంచిలో పట్టే కెమెరాకు హాట్ షూ ఉండటం ఈ వంశం ప్రత్యేకత. ఆ షూ మీద బయటి ఫ్లాషు ఎక్కిందంటే డయలు మీది ప్రతి అక్షరానికీ కొత్తగా అర్థం చెప్పుకోవాల్సి వస్తుంది. అందుకే ఈ వ్యాఖ్య.

మూలం

ఆటో, పి, టీవీ, ఏవీ, ఎం.

పాఠాంతరం

నికాన్, సోనీ, పానాసోనిక్ ప్రతుల్లో 'టీవీ', 'ఏవీ'లకు బదులు 'ఎస్', 'ఏ' అని ఉంది. అర్థభేదం లేదు కాబట్టి పండితులు కలహించనక్కర్లేదు. కలహించి తీరాలనుకునేవారికి ధరల పట్టికలు ఉన్నాయి.

ప్రతిపదార్థం

ఆటో = ఐఎస్ఓ సహా సమస్తమూ కెమెరా ఇష్టానికి వదిలేయడం; పి = షట్టరు, ఎపర్చరు రెండింటినీ కెమెరాయే ఎంచుకుని, మిగతావి మనకు విడిచిపెట్టడం; టీవీ = షట్టరు వేగం మనం చెబితే ఎపర్చరు కెమెరా చూసుకోవడం; ఏవీ = ఎపర్చరు మనం చెబితే షట్టరు వేగం కెమెరా చూసుకోవడం; ఎం = రెండూ మనమే పెట్టి, తప్పొప్పులు కూడా మనమే భరించడం.

అన్వయం

ఫ్లాషుతో తీసిన ఫోటోలో వెలుగులు రెండు. ఒకటి అక్కడ ముందే ఉన్నది: ఎండ, ట్యూబ్‌లైటు, సీరియల్ సెట్లు. రెండోది ఫ్లాషు విసిరేది. ఫుల్ పవర్‌లో కూడా ఫ్లాషు మెరుపు సుమారు 1/1000 సెకనులో ముగిసిపోతుంది. షట్టరు 1/60 సెకను తెరుచుకున్నా, 1/15 తెరుచుకున్నా ఆ మెరుపు పూర్తిగా లోపలికి వచ్చేస్తుంది. కాబట్టి షట్టరు వేగం ఉన్న వెలుతురునే శాసిస్తుంది, ఫ్లాషు దాని మాట వినదు. ఎపర్చరు, ఐఎస్ఓ రెండు వెలుగులనూ శాసిస్తాయి. దూరం, పవర్ ఒక్క ఫ్లాషునే శాసిస్తాయి. తక్కినదంతా ఈ మూడు వాక్యాల విస్తరణే.

దీనికి లెక్క ఉంది. వివిటార్ 285హెచ్‌వీ ఫ్లాషు గైడ్ నంబరు ఐఎస్ఓ 100 దగ్గర 36 మీటర్లు. గైడ్ నంబరును ఎపర్చరుతో భాగిస్తే దూరం వస్తుంది. ఎఫ్/4 పెడితే 9 మీటర్లు, ఎఫ్/8 పెడితే నాలుగున్నర. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. రెండు మీటర్ల దూరంలో పెండ్లికూతురు వెలిగిపోతుంటే, నాలుగు మీటర్ల దూరంలో నిలబడ్డ మేనత్తకు అందేది పావు వంతే. ఆల్బం వచ్చాక మేనత్త అలిగితే ఆ తగవు తీర్చాల్సింది భౌతికశాస్త్రమే.

'ఆటో' పదానికి

ఈ పదం మీద ఎక్కువ సిరా ఖర్చు చేయనక్కర్లేదు. ఫ్రేము ఫ్రేముకూ కెమెరా ఐఎస్ఓ మార్చుకుంటూ పోతుంటే గైడ్ నంబరు లెక్కకు నిలబడే చోటు ఉండదు.

'పి', 'ఏవీ' పదాలకు: ప్రొద్దుటూరు ఉదాహరణం

ప్రొద్దుటూరు దసరా పేరుమోసింది. వాసవీ కన్యకాపరమేశ్వరి కొలువైన అమ్మవారిశాల చుట్టూ ఆ రాత్రుల్లో దీపాలంకరణ కళ్లు చెదరగొడుతుంది. ఆ వెలుగుల ముందు కుటుంబాన్ని నిలబెట్టి ఫోటో తీయాలి. కంపెనీ సొంత ఫ్లాషు పెట్టి 'పి'లో తీస్తే, కెమెరా దాన్ని గుర్తుపట్టి, చెయ్యి వణికినా ఫోటో చెదరని 1/60 దగ్గరే ఆగుతుంది. ముఖాలు బాగుంటాయి, వెనక దీపాలు మాడిపోతాయి. "అన్నా, అమ్మవారిశాల యాడికి పాయ?" అని శిష్యుడి ఆక్షేపం. ఎక్కడికీ పోలేదు, దాని వంతు వెలుతురు లోపలికి రాకముందే షట్టరు మూసుకుంది అని సమాధానం.

అదే చోట మాన్యువల్ ఫ్లాషు పెట్టి 'ఏవీ'లో తీస్తే కథ తిరగబడుతుంది. నడిమి పిన్ను తప్ప వేరే సంబంధం లేని ఆ ఫ్లాషు తన నెత్తిన ఉందన్న సంగతే కెమెరాకు తెలియదు. చీకటి చూసి, షట్టరు పావు సెకను తెరిచి ఉంచుతుంది. ఫ్లాషు మెరిసిన క్షణం ముఖాన్ని పదునుగా పడుతుంది. తక్కిన సమయంలో కదిలిన తల, దీపాల గీతలు దాని మీద పులుముకుంటాయి.

'ఎం'లో ఎఫ్/4, 1/15, ఐఎస్ఓ 400 పెట్టి చూడండి. ఐఎస్ఓ నాలుగు రెట్లయింది కాబట్టి గైడ్ నంబరు రెట్టింపై 72 అవుతుంది. పవర్ 1/16కు తగ్గిస్తే అది నాలుగో వంతై 18కి దిగుతుంది. 18ని 4తో భాగిస్తే నాలుగున్నర మీటర్లు. ఒక కుటుంబం వరసగా నిలబడటానికి సరిపడే దూరం. దీపాలు ఇంకా కావాలంటే షట్టరు 1/8కి తిప్పితే చాలు, ముఖాల మీది ఫ్లాషు వెలుగు మారదు.

బంగారానికి వేరే విధి. ప్రొద్దుటూరు పసిడి అంగళ్లకు రాయలసీమ అంతటా పేరు. మెరుగుపెట్టిన కాసులపేరు వెలుగును ఏ కోణంలో అందుకుంటే అదే కోణంలో తిప్పికొడుతుంది. కెమెరా నెత్తినుంచి నేరుగా కొడితే హారం బదులు తెల్లటి మచ్చ మిగులుతుంది. ఫ్లాషు తల పక్కకు తిప్పి, తెల్ల థర్మకోల్ షీటు మీద కొట్టించి, ఆ వెలుగును హారం మీదికి మళ్లించాలి. అప్పుడు అచ్చుపని గింజ గింజా కనిపిస్తుంది.

'టీవీ' పదానికి: పులివెందుల ఉదాహరణం

తలంబ్రాల వేళ శిష్యుడు 'టీవీ'లో 1/60 పెట్టాడు. ఫ్లాషు మాన్యువల్, పవర్ స్థిరం. వీడియో లైటు ఫ్రేములోకి వచ్చినప్పుడు కెమెరా ఎపర్చరును ఎఫ్/5.6కు మూసింది, లైటు పక్కకు తిరగగానే ఎఫ్/2.8కు తెరిచింది. నడుమ తేడా రెండు స్టాపులు, అంటే ఫ్లాషు వెలుగు నాలుగు రెట్లు. ఒక ఫోటోలో పెండ్లికొడుకు మామూలుగా, మరుసటి దాంట్లో సున్నం కొట్టినట్టు. ఎపర్చరు కెమెరా చేతిలో ఉన్నంతకాలం ఫ్లాషు పగ్గాలు కూడా దాని చేతిలోనే ఉంటాయని భావం.

శిష్యుడికి ఇంకో భ్రమ కూడా ఉంది: గాలిలో బియ్యపు గింజలు ఆగాలంటే షట్టరు వేగం పెంచాలని. మండపంలో వెలుతురు తక్కువైతే గింజను ఆపేది షట్టరు కాదు, మెరుపు కురచదనం. పవర్ తగ్గించినప్పుడు ఫ్లాషు మసకగా వెలగదు, త్వరగా ఆరిపోతుంది. ఫుల్ పవర్‌లో గీతలా సాగిన గింజ 1/16 పవర్‌లో గింజలాగే నిలబడుతుంది.

ఇంట్లో జరిగే పెండ్లయితే పైకప్పు చూసుకోవాలి. తెల్ల సీలింగు మీదికి ఫ్లాషు తిప్పి బౌన్స్ చేయమని పుస్తకాలు చెబుతాయి. కడప బండలు పరిచిన పాత మిద్దె కింద ఆ విధి చెల్లదు. భూగర్భశాస్త్రంలో నార్జి సున్నపురాయి అని పేరున్న ఈ నల్లరాయి వెలుగును మింగేసి, తిరిగి ఇచ్చేది అంతంతమాత్రం. వెనక గోడకు సున్నం ఉంటే దాని మీద కొట్టించాలి. అదీ లేకపోతే తెల్ల పంచె ఒకటి అడిగి పట్టించాలి.

విశేషం

వెలుగులను విడదీసి దేని పాళ్లు దానికి నిర్ణయించే విద్యకు పులివెందుల తాలూకాతో పాత చుట్టరికమే ఉంది. సినిమా సంస్థ వాహినీ స్థాపకుల్లో ఒకరైన బి.ఎన్.రెడ్డి 1908లో ఆ తాలూకాలోని కొత్తపల్లెలో పుట్టారు. ఆయన తమ్ముడు బి.నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి 1957లో నిర్మించిన మాయాబజార్‌లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ స్టూడియో దీపాలతో వెన్నెల కాయించారు. ముఖానికి ఎంత, వెనక నీటికి ఎంత అని వేరువేరుగా లెక్క కట్టిన వెన్నెల అది.

'ఎం' పదానికి: జమ్మలమడుగు ఉదాహరణం

జమ్మలమడుగు దాటి గండికోటకు పోతే పెన్న లోయ. సాయంత్రం దాని అంచున నిలబడి ఎదుటి గట్టు మీదికి ఫ్లాషు కొట్టేవారిని చూస్తే వ్యాఖ్యాతకు జాలి కలుగుతుంది. గైడ్ నంబరు 36, ఎఫ్/2.8 అయితే వెలుగు సుమారు 13 మీటర్లు పోయి చాలించుకుంటుంది. నూరు మీటర్లు పోవాలంటే 60 రెట్ల వెలుగు కావాలి.

మిట్టమధ్యాహ్నం మాత్రం అదే ఫ్లాషు పనికొస్తుంది. మాధవరాయ స్వామి గోపురం ముందు నిలబడ్డవాళ్ల కళ్ల కింద ఎండ నీడలు పోవాలంటే ఫ్లాషుతో నింపాలి. ఎండకు ఐఎస్ఓ 100లో ఎఫ్/16, 1/125 సరి, దానికి సమానం ఎఫ్/11, 1/250, ఎఫ్/8, 1/500, ఎఫ్/5.6, 1/1000. పెద్ద ఎస్ఎల్ఆర్ల తెర షట్టరు ఫ్లాషుతో మామూలుగా 1/250 దగ్గరే ఆగిపోతుంది. అక్కడ ఫ్లాషు 3.3 మీటర్లకు మించి అందదు. కాంపాక్టు లెన్సులో ఉండే ఆకు షట్టరు 1/500లో కూడా ఫ్రేమంతా ఒక్కసారి తెరుచుకుంటుంది కాబట్టి దూరం నాలుగున్నర మీటర్లు. చిన్న కెమెరా పెద్దదాన్ని ఓడించే చోటు ఇది. కొన్ని మోడళ్లు కంపెనీ ఫ్లాషును గుర్తుపట్టి వేగానికి హద్దు గీస్తాయి. గుర్తుపట్టని మాన్యువల్ ఫ్లాషుకు ఆ హద్దు లేదు.

ఆక్షేపం: "టీటీఎల్ ఫ్లాషు ఉండగా ఇంత లెక్క ఎందుకబ్బా?"

సమాధానం: టీటీఎల్ ముందొక చిన్న మెరుపు విసిరి, తిరిగొచ్చినది లెన్సులోంచి కొలిచి, ఫ్లాషు పాలు తానే తేల్చుకుంటుంది. ఉన్న వెలుతురు ఎంత రావాలన్నది మాత్రం మనమే తేల్చాలి. పైగా తెల్ల పంచెలు ఫ్రేము నిండితే అది వెలుగు చాలనుకుని తగ్గించుకుంటుంది, ముఖాలు నల్లబడతాయి. ఫ్లాషు కాంపెన్సేషన్ కాస్త పైకి జరపాలి.

నిషేధం

స్టూడియో బీరువాల్లో మిగిలిన ఫిల్ము కాలపు ఫ్లాషులను చూసుకోకుండా షూ ఎక్కించరాదు. వాటిలో కొన్నింటి ట్రిగ్గర్ వోల్టేజి 200 దాటుతుంది; పాత కెమెరాల లోహపు కాంటాక్టులు దాన్ని తట్టుకున్నాయి, పలు డిజిటల్ సర్క్యూట్లు తట్టుకోలేవు. కొన్ని కెమెరాలకు 6 వోల్టులే హద్దు. ఫ్లాషు ఆన్ చేసి, రెడీ లైటు వెలిగాక, మల్టీమీటరు ఎర్ర తీగ నడిమి పిన్నుకు, నల్ల తీగ పక్క రేకుకు ఆనించి డీసీ వోల్టులు చూడాలి. రీడింగు 200 అయితే ఆ ఫ్లాషును కెమెరాకు దూరంగా, ఆప్టికల్ స్లేవ్ తగిలించి స్టాండు మీద వాడుకోవచ్చు. అప్పుడు కెమెరాలోని ఫ్లాషును కూడా మాన్యువల్‌లోనే పెట్టాలి. లేకుంటే ముందస్తు మెరుపుకే స్లేవ్ పేలిపోయి, అసలు ఫోటో వేళకు ఖాళీగా ఉంటుంది. రీడింగు హద్దులోపల ఉంటే షూ ఎక్కించి, డయలు 'ఎం' మీదికి తిప్పి మండపానికి బయల్దేరవచ్చు. ముహూర్తం తెల్లవారుజామున నాలుగింటికైతే పెన్సిల్ సెల్లులు ఇంకో నాలుగు జేబులో వేసుకోవాలి.