పెట్టెల పెద్దమనిషి

విహారనౌక గాల్వెస్టను రేవు విడుచుటకు ఇంకను ఆరు వారములు గడువుండగనే, టెక్సాసు రాష్ట్రమున డాలసు నగరపు శివారులలోని యొక తెలుగువారి యింట, ముందుగది నిండ మూతలు తెరచిన పెట్టెలు పరచియుండుటయు, వాని నడుమ ఒక నడివయస్కుడు కుడిచేత బరువు తూచు కొక్కెమును, ఎడమచేత అచ్చువేసిన పట్టికయు ధరించి, కనుబొమలు ముడిచి ప్రదక్షిణములు చేయుచుండుటయు మీ కంటబడినచో, ఆ యింటివారు కాపురము ఎత్తివేయుచున్నారని భ్రమపడి సానుభూతి తెలుపబోకుడు. వారు ఏడు రాత్రులు సముద్రముమీద షికారు చేసి మరల ఆ యింటికే రాబోవుచున్నారు. ఆ కొక్కెము ధరించిన మూర్తియే మన పెట్టెల పెద్దమనిషి. ఇట్టివాడు ఒక్కడు కాడు. ప్రవాసాంధ్రులున్న పేటలలో వీథికొక్కడు చొప్పున వెలసియున్నాడు. ఒకని పేరు చెప్పినచో తక్కినవారు చిన్నబుచ్చుకొందురని పేరు చెప్పుట మానితిని.

వృత్తిరీత్యా ఈయన కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువాడు. కాని అది పొట్టకూటి విద్య. ఆత్మకు సంబంధించిన విద్య సర్దుట. ఆ విద్య ఆయనకు అబ్బిన వైనము కరుణరసభరితమైనది. తొలిసారి అమెరికాకు విమానమెక్కిననాడు, మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు అను శాసనము ఆయన శిరస్సున పిడుగై పడినది. కౌంటరువద్ద పెట్టె తూగగా బరువు హద్దు మీరినదని తేలి, వెనుక బారు తీరిన జనమంతయు చూచుచుండ, ఆయన నేలపై మోకరిల్లి పెట్టె విప్పి, తల్లి పెట్టిన ఆవకాయను త్యజింతునా, మేనత్త కట్టియిచ్చిన సున్నియుండలను త్యజింతునా అను ధర్మసంకటమున చిక్కి, తుదకు రెంటిని నిలుపుకొని, పెట్టెలోని మూడు చొక్కాలు తీసి ఒకదానిపై నొకటి తొడిగికొని, ఉక్కిరిబిక్కిరియగుచు ఖండాంతరమునకు ప్రయాణమయ్యెను. ఆనాటినుండి లోకమంతయు ఆయనకు 23 కిలోల ఖండములుగనే కాన్పించుచున్నది. ఎవరింటికైన భోజనమునకు పోయినపుడు, అచటి పసిబిడ్డను ముద్దుగ ఎత్తుకొని, ఒక్కక్షణమాగి, "పదకొండు కిలోలుంటాడండీ," అని తల్లికి చెప్పును. ఆ లెక్క తప్పుటయు అరుదు.

మన పూర్వులకు ఈ బాధ లేదు. 1830లో చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు పల్లకితో, డేరాలతో, దాదాపు నూరుగురు పరివారముతో కదలిరి. వారి సామాను మోసినవారు కలరు గాని, తూచినవారు లేరు. ఇక సముద్రముమాట యెత్తినచో, విశాఖపట్టణము, కాకినాడ రేవులలో స్టీమరెక్కి, రంగమునకు (రంగూనుకు) కూలికి పోయిన మనవారు వేలకు వేలు. డెక్కుమీద పడుకొని బంగాళాఖాతము దాటిన ఆ నిరుపేదలకు చంకనున్న మూటయే సర్వస్వము గనుక, ఏది తీసికొనిపోవలెను, ఏది విడువవలెను అను మీమాంసయే పుట్టియుండదు. ఆ తరువాతి మధ్యతరగతివారు ట్రంకుపెట్టె, హోల్డాలు, మరచెంబు అను త్రిమూర్తులను నమ్ముకొని దేశమంతయు తిరిగిరి. హోల్డాలులో ఏమి కూరినను పట్టును. పట్టనిచో దానిపై ఇద్దరు కూర్చుండి పట్టీ బిగించినచో పట్టితీరును. అది శాస్త్రమెరుగని స్వర్ణయుగము.

విహారనౌకతో వచ్చిన చిక్కేమనగా, ఓడవారు సామాన్యముగ తూచరు. వేలకొలది ప్రయాణికులను, వారికి కావలసిన వంటసరుకును, ఈతకొలనులను, నాటకశాలను మోయుచు పోవు ఆ మహానౌకకు మన పెట్టెలో ఇంకొక తువ్వాలు చేరినను, చేరకున్నను లెక్కలేదు. డాలసునుండి గాల్వెస్టనుకు సుమారు 300 మైళ్ల దూరము సొంతబండిలోనే పోవుదురు గనుక నడుమ విమానమువారి పీడయు లేదు. ఈ వార్త విన్నంతనే ధర్మపత్ని ముఖము వికసించెను; ఆయన ముఖము వెలవెలబోయెను.

"అయితే ఎంతైనా పట్టుకెళ్లొచ్చన్నమాట!" అని ఆమె.

"అది పద్ధతి కాదు," అని ఆయన.

తూచువాడు లేనిచోట తానే తూకము విధించుకొని, ఓడవారికి అక్కరలేని 23 కిలోల నియమమును తన యింట యథావిధిగ ప్రతిష్ఠించెను. శత్రువు లేడని యోధుడు కత్తిసాము మానునా?

అయినను ఈయన మితముగ సర్దువాడని తలచితిరేని పొరపాటు. మితముగ సర్దువాడు వేఱు, నేర్పుగ సర్దువాడు వేఱు. మొదటివాడు తక్కువ వస్తువులతో బయలుదేరి, తన దారిని తాను సుఖపడును. అతనిని గూర్చి వ్రాయవలసినది ఏమియు లేదు. రెండవవాడు చొక్కాలను మడచుట మాని చుట్టగా చుట్టి జానెడు జాగా సంపాదించును. సంపాదించిన జాగా వృథాగ పోరాదని అందులో ఇంకొక జత చెప్పులు పెట్టును. ఆ చెప్పుల గర్భము ఖాళీగ ఉండుట చూచి సహింపలేక, గుత్తివంకాయలో కారము కూరినట్లు మేజోళ్లు కూరును. మేజోళ్ల లోపల ఫోను తీగెలు చుట్టి దోపును. ఈయన ఎంత స్థలము మిగిల్చినను చివరకు స్థలము మిగులదు. ఓడలో స్నానపు తువ్వాళ్లు, ఈతకొలను తువ్వాళ్లు వారే ఇత్తురని ఎఱిగియు ఎనిమిది తువ్వాళ్లు సర్దినాడు. కారణమడుగగా, "పట్టాయి కదా," అనినాడు.

గాలి తీయు సంచుల సంగతి మరియు రమ్యమైనది. మందపు ప్లాస్టికు సంచిలో ఉన్నిబట్టలు పేర్చి, ఇల్లు ఊడ్చు యంత్రపు గొట్టమును దాని ముఖమున తగిలించి మీట నొక్కినచో, లోని గాలియంతయు పోయి, బారెడెత్తు బట్టలు బెత్తెడు మందమున బిగిసిపోవును. ఇట్లు బిగిసిన సంచిని ఆయన వచ్చిన అతిథులకెల్ల తట్టి చూపును. గాలి తగ్గునే గాని బరువు తగ్గదను విషయము ఆయనకు తెలియనిది కాదు; ఆ ప్రస్తావన తెచ్చినవారికి మరల కాఫీ రాదు. కరీబియను సముద్రమున ఉన్నిబట్టలెందుకని అడిగినచో, "ఓడలో ఏసీ మరీ ఎక్కువండీ," అనును. ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు.

ఈ జైత్రయాత్ర ఆగినది ఒక్కచోటనే, అది పట్టుచీరవద్ద. ఓడలో ఒకటి రెండు రాత్రులు అందఱు అలంకరించుకొని భోజనమునకు రావలెనను ఆచారము కలదు గనుక ఆమె కంచిపట్టుచీర తీసినది. ఆయన దానిని గూడ చుట్టబోయినాడు.

"చాపనుకున్నారా చుట్టడానికి? మా అమ్మ పెట్టిన చీర. ఇలా తెండి," అని లాగుకొని, ఆమె పాత మడతలు విప్పి, మడతమీదనే జరీ విరుగునని క్రొత్త మడతలు వేసి, నూలుపంచె చుట్టి, పెట్టెలో అన్నిటికంటె పైన, ఒక్క దానికే ఒక అరయంతయు కేటాయించి పడుకోబెట్టినది. గదిలో ఇస్త్రీపెట్టె వాడుట, అగ్నిభయముచేత, ఓడవారు నిషేధించిరని ఆమెకు చెప్పినవాడు ఆయనయే. ఆ మాటయే ఆయనకు ఎదురు తిరిగినది. పట్టికలో ఆ అరకు ఎదురుగ ఆయన "వినియోగము: 30 శాతము" అని వ్రాసికొని నిట్టూర్చినాడు.

ఇక ఆయన ప్రతిభకు పరాకాష్ఠయగు సిద్ధాంతము వేఱొకటి కలదు. ఒకరి బట్టలన్నియు ఒకే పెట్టెలో పెట్టినచో, ఆ పెట్టె దారిలో తప్పిపోయినపుడు ఆ మనిషి గతి ఏమి? కావున అందఱి బట్టలను అన్ని పెట్టెలలోను పంచవలెను. తండ్రి చొక్కాలు మొదటి పెట్టెలో, లాగులు మూడవదానిలో. పెద్దపిల్ల గౌనులు రెండవదానిలో, వాటి నడికట్టులు ఐదవదానిలో. ఏ పెట్టె పోయినను ఎవ్వరును పూర్తిగ దిగంబరులు కారు. ఈ పంపకమునకంతకు ఎక్సెలు పట్టిక యొకటి, దానికి రంగులు. ఊరినుండి వచ్చియున్న తల్లిగారు మాత్రము ఈ సిద్ధాంతమునకు లొంగక, ఒక గుడ్డసంచి తెచ్చుకొని, నాలుగు నేతచీరలు, మందులడబ్బా, విభూతి పొట్లము అందులో వేసికొని, కాఫీ చల్లారకముందే పని ముగించి, "నాది అయిందిరా నాయనా," అనినది. ఆమె సంచికి పట్టికలో సంఖ్య లేదు.

రేవులో అడుగిడగనే కూలీలు పెట్టెలు అందుకొని పోవుదురు. ముందే అచ్చువేసి తగిలించుకొనిన చీటీలలోని గది సంఖ్యనుబట్టి అవి సాయంకాలములోపల ఒక్కొక్కటిగ గదిగుమ్మమునకు చేరును. ఇది ఎఱుగని అమాయకులు పాస్‌పోర్టులు కూడ ఆ పెట్టెలలోనే పెట్టి పంపివేసి, ద్వారముకడ అధికారి చేయిచాచినపుడు మ్రాన్పడి నిలుతురు. మన పెద్దమనిషి అట్టివాడు కాడు. పాస్‌పోర్టులు, వీసాల అప్రూవలు నోటీసులు, మందులు, పిల్లల ఈతదుస్తులు చేతిసంచిలో వేఱుగ పెట్టుకొనినాడు. ఈ యొక్క విషయమున ఆయనను మెచ్చుకొనక తప్పదు. తక్కిన పెట్టెలన్నియు రేవులో మఱచి ఈ సంచితోనే ఎక్కినను యాత్ర సుఖముగ జరిగియుండెడిదని నా నమ్మకము.

ఓడలో వారిది సుమారు 180 చదరపుటడుగుల గది. పెట్టెలలో తొలుత వచ్చినది మొదటిది. దానిలో అందఱివియు కొన్ని కలవు, ఎవ్వరివియు పూర్తిగ లేవు. తండ్రికి నాలుగు చొక్కాలు దొరకెను, లాగు దొరకలేదు. కుమారునికి కుడికాలి జోడు దొరకెను. బరువు సమముగ ఉండవలెనని ఎడమకాలిది నాల్గవ పెట్టెలో పెట్టబడినది. రెండవది, ఐదవది, నాల్గవది వచ్చెను, మూడవది రాలేదు. రాత్రి భోజనవేళకు గదిలో కాలు మోప చోటులేదు. తల్లిగారు మాత్రము ఎదుటిగదిలో సంచిలో చేయి పెట్టి చీర తీసికొని కట్టుకొని, "పదండర్రా, ఆకలేస్తోంది," అని గుమ్మమున నిలిచినది.

మూడవ పెట్టె రాకపోవుటకు కారణము తరువాత తెలిసినది. ఓడకెక్కు ప్రతిపెట్టెను ఎక్సురే యంత్రము గుండ పంపుదురు. అందులో ఇస్త్రీపెట్టె, నీళ్లుకాచు కెటిలు మొదలగు వేడిపరికరములు కాన్పించినచో పెట్టెను ఆపి, యజమానిని పిలిపింతురు. ఆయన లెక్క ప్రకారము మూడవ పెట్టె 23 కిలోలు. అందులో రెండున్నర కిలోల బరువు ఎనిమిది తువ్వాళ్ల నడుమ దాగిన చిన్న రైసుకుక్కరుదని ఆయన ఎఱుగడు. మనుమలకు వేడి అన్నము లేకపోయిన ఎట్లని తల్లిగారు అర్ధరాత్రి చేసిన సర్దుబాటు అది. క్రింది అంతస్తున ఆ విచారణ గదిలో ఇస్త్రీపెట్టెలవారు, కొవ్వొత్తులవారు తలలు వంచుకొని నిలిచియుండగా, మన పెద్దమనిషి తానును వారి వెనుక నిలిచినాడు. ముందున్న వ్యక్తి చేతిలో ఇట్టి కుక్కరే కలదు. ఇరువురు ఒకరినొకరు చూచుకొనిరి.

"మనవాళ్లేనా అండీ?"

"తెనాలండీ. మీరు?"

"గుడివాడ దగ్గర. మా అమ్మ పెట్టిందండీ."

"మాది మా అత్తగారు."

యాత్ర ముగిసినపుడు తిరిగియిచ్చు నియమముతో కుక్కర్లు రెండును రసీదులు పుచ్చుకొని ఒకే అలమరలో చేరెను. ఆ కుటుంబములు ఇప్పటికిని పండుగలకు పిలుచుకొనుచున్నవి.

ఓడ దారిలో ఆగిన కొజుమెలు ద్వీపమును ఆయన చూచెనో లేదో నాకు రూఢిగ తెలియదు. చూచినవానిలో ఆయన మనస్సున నాటినది మాత్రము గదిసేవకుడు తువ్వాలుతో చేసిన ఏనుగు. ప్రతిరాత్రి పక్క సవరించి, తువ్వాళ్లను చుట్టి మడచి, ఒకనాడు ఏనుగు, ఒకనాడు కోతి, ఒకనాడు హంస చేసి పెట్టుట ఓడలలో పరిపాటి. పిల్లలు చప్పట్లు చరచిరి. ఆయన మాత్రము కళ్లద్దములు సవరించుకొని ఏనుగు తొండము మెల్లగ విప్పి, మడత మొదలేదో తుది ఏదో పరిశీలించి, చాలసేపు మాటాడలేదు. ఇంతకాలమునకు తనకంటె అధికుడు తటస్థపడెను. మరునాటినుండి ఆ సేవకుని "గురువుగారు" అని తెలుగులోనే పిలువజొచ్చినాడు; సేవకుడు అది తన పేరునకు తెలుగువారి ఉచ్చారణ కాబోలునని పలికెడివాడు.

కడపటిరాత్రి పదకొండు గంటలలోపల పెట్టెలు గుమ్మము వెలుపల పెట్టవలెను. అప్పుడు కాని ఉన్నిబట్టల సంచులు జ్ఞప్తికి రాలేదు. గాలి పీల్చు యంత్రము డాలసులో కలదు. విప్పిన సంచులు ఊపిరి పోసికొని మంచమంతయు ఆక్రమించి కూర్చున్నవి. ఆయన సంచులపై కూర్చుండెను, కుమారుని కూర్చుండబెట్టెను, హోల్డాలు కాలపు విద్యయంతయు ప్రయోగించెను. తుదకు గురువుగారిని ఆశ్రయింపగా, అతడు నడవ ఊడ్చు యంత్రమును తెచ్చి, రాత్రివేళ ఆ ఘోష అటునిటు నాలుగు గదులవారిని మేల్కొల్పుచుండ, సంచుల గాలి తీసి, మిగిలిన దుస్తులను తానే నిమిషములలో మడచి పెట్టి, ఒక పెట్టె పూర్తిగ ఖాళీగ మిగిల్చి పోయెను. ఖాళీ పెట్టెను చూచి ఆయన కనుల నీరు నిండినదని ధర్మపత్ని చెప్పును.

తిరుగుప్రయాణమున బండి నడపుచునే పునఃపరిశీలన ఆరంభించినాడు. వాడని వస్తువులను ఆమె ఒక్కొక్కటిగ చదువవలెను. ఉంచవలెనో తీసివేయవలెనో ఆయన తీర్పు చెప్పవలెను.

"ఎనిమిది తువ్వాళ్లు."

"ఉండనీ. ఇంకోసారి ఓడవాళ్లు ఇవ్వకపోతే?"

"ఉన్నిబట్టలు."

"ఏసీ."

"నైలాను తాడు, పది మీటర్లు."

"తాడు లేకుండా ఎవరైనా ప్రయాణం చేస్తారా?"

హ్యూస్టను దాటునప్పటికి పట్టికలో ఒక్క వస్తువును తగ్గలేదు సరికదా, చేతితో గాలికొట్టు పంపు వంటిది, గాలి లాగునది, ఒకటి క్రొత్తగ చేరినది. చివరి వరుస ఆమె చదివినది: డెక్కుమీద కుర్చీ వేసికొని తీరికగ చదువుకొందునని తాను తెచ్చుకొనిన నవల. ఏ పెట్టెలో ఏది ఉన్నదో వెదకుటలోనే ఏడు దినములు గడచినందున దాని అట్టయైనను తెరువలేదు.

"అది అనవసరం. తీసెయ్," అనినాడాయన.