నా వెనుక గోడ: ఒక వంటగట్టు ఆత్మకథ

నేను వంటగట్టును. కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు అయిదో అంతస్తులో, ఎల్ ఆకారంలో పరుచుకున్న నల్లరాయిని. మా ఊరు ప్రకాశం జిల్లా చీమకుర్తి. ఒంగోలుకు దగ్గరలో, రామతీర్థం చుట్టుపక్కల క్వారీల్లో దొరికే మమ్మల్ని గెలాక్సీ గ్రానైట్ అంటారు. వ్యాపారానికి గ్రానైట్‌నే గాని, భూగర్భ శాస్త్రం ప్రకారం నాది గాబ్రో జాతి. భూమి లోపల కరిగిన శిల నెమ్మదిగా చల్లారి గట్టిపడితే పుట్టాను. నా వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే. నెమ్మదిగా చల్లారడం వల్లనే నాలోని బ్రాంజైట్ అనే ఖనిజం కంటికి ఆనేంత పలుకులుగా పెరిగింది. నల్లటి ఒంటి మీద బంగారు చుక్కల్లా మెరిసేది అదే. ఆ చుక్కల్ని కాస్త గుర్తుంచుకోండి, నా కథలో వాటికి పెద్ద పని ఉంది.

వజ్రపు పూసలున్న తీగతో నన్ను కొండ నుంచి కోశారు. ఆ బండను గ్యాంగ్‌సా అనే రంపాల యంత్రం కింద పలకలుగా చీల్చి, అద్దంలా మెరిసేదాకా పాలిష్ పట్టారు. లారీ ఎక్కి అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు పట్టాను. పిడుగురాళ్ల దాటి, వాడపల్లి దగ్గర కృష్ణమ్మను చూసి, మిర్యాలగూడ మీదుగా హైదరాబాద్ చేరాను.

అది ఈ పడమటి హైదరాబాద్ పైకి లేస్తున్న కాలం. మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. ఆ తర్వాత కొండాపూర్, గచ్చిబౌలి, కొత్తగూడ వరుసగా అపార్ట్‌మెంట్లతో నిండిపోయాయి. ఈ నేల కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి అసలు సిసలు గ్రానైట్. దుర్గం చెరువు ఒడ్డున ఇంకా మిగిలిన బండలను చూస్తే తెలుస్తుంది. సెల్లార్ల కోసం అలాంటి బండలను పేల్చి, ఇంటి లోపలి గట్టు కోసం మూడు వందల కిలోమీటర్ల దూరం నుంచి నన్ను తెచ్చుకున్నారు. కొండ నుంచి ఒకసారి విడివడిన రాయి మళ్లీ కొండలోకి పోలేదు. అందుకే, చోటు దొరికిన రాయిని ఆ చోట బతకనివ్వాలని నేను గట్టిగా కోరుకుంటాను.

నా వంటగది వాస్తు ప్రకారం ఆగ్నేయ మూలన ఉంది. తూర్పు ముఖంగా నిలబడి వండుతారు. తూర్పు గోడకే కిటికీ. నా కింద, పైన టేకు రంగు సన్మైకా వేసిన ప్లైవుడ్ కప్‌బోర్డులు. గట్టుకూ పై కప్‌బోర్డులకూ మధ్య రెండడుగుల ఎత్తు గోడ. పోపు చిట్లినా, కుక్కర్ విజిల్‌తో పప్పునీళ్లు చిమ్మినా, సింక్ దగ్గర నీళ్లు ఎగిరినా ముందు తడిసేది అదే. దాన్ని కాపాడే పలకలను మేస్త్రీలు డాడో టైల్స్ అంటారు. మొదట్లో నా వెనుక ఉన్నవి 8 బై 12 అంగుళాల తెల్ల టైల్స్. మధ్య మధ్య పళ్లబుట్ట బొమ్మ ఉన్న హైలైటర్లు. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో అవే.

ఏళ్లు గడిచాక గోడలో పైపు కారింది. దాన్ని వెతకడానికి సింక్ వెనుక గోడ పగలగొట్టారు. పైపు బాగయింది, టైల్స్ పోయాయి. అలాంటివే మళ్లీ తెద్దామంటే దొరకలేదు. టైల్ పెట్టె మీద బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఉంటాయి. ఒకే పేరుతో వచ్చిన టైల్ అయినా బ్యాచ్ మారితే కొలిమిలో రంగు కాస్త మారిపోతుంది. డిజైన్ ఆగిపోతే అదీ లేదు. మొత్తం గోడకు కొత్త టైల్స్ వేయాల్సిందే.

ఇల్లు చూడటానికి వచ్చిన ఇంటీరియర్ కుర్రాడు అన్నీ తీసేయమన్నాడు. నన్ను పీకి తెల్ల క్వార్ట్జ్, కప్‌బోర్డులు పీకి అక్రిలిక్ వేస్తే ఇల్లు కొత్తగా ఉంటుందన్నాడు. మా ఇంటి కోడలు మైండ్‌స్పేస్‌లో ఉద్యోగం చేస్తుంది. ఆమె ఆలోచనలో పడింది. ఒంగోలు నుంచి వచ్చిన అత్తగారు నా మీద చెయ్యి వేసి నిమిరింది.

"రాయికేమైందమ్మాయ్? ఒక్క పగులు లేదు, మచ్చ లేదు. చెక్క కూడా గట్టిగానే ఉంది కదా. పోయింది గోడ. గోడ సంగతి చూడు."

"అంతే అత్తయ్యా. ఈ రెండిటికీ నప్పేది వెతుకుదాం" అంది కోడలు.

ఆ మాట నాకు ప్రాణం పోసింది. అందులో ఒక పద్ధతి కూడా ఉంది. ఖాళీ వంటగదికి టైల్ ఎంచుకోవడం వేరు, ఉన్న గట్టుకూ ఉన్న కప్‌బోర్డులకూ ఎంచుకోవడం వేరు. రెండోదానిలో స్వేచ్ఛ తక్కువ, కానీ దారి స్పష్టం. మారనివి ఏమిటో ముందు తేల్చుకుంటే, మారేది వాటిని బట్టి నడుస్తుంది.

మియాపూర్ వైపు ఒక షోరూంకు వెళ్లి, అయిదారు రకాల సాంపిల్ టైల్స్ తెచ్చారు. అన్నిటినీ నా మీద వరుసగా పేర్చారు. ఒక్కొక్కటే నాతో మాట్లాడినట్టనిపించింది.

మొదటిది నా జాతి రాయే. గట్టుకున్న గెలాక్సీనే గోడకూ ఎక్కిస్తే అతుకు తెలియదన్నారు. కానీ కిటికీ ఉన్న గోడ పగటిపూట నీడలో ఉంటుంది. వెలుగు కిటికీలోంచి వండేవారి కళ్లలో పడుతుందే తప్ప ఆ గోడ మీద పడదు. అక్కడ నల్లరాయి వేస్తే గది చీకటి గుయ్యారం అవుతుంది. పైగా ఇక్కడి బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. నా మీద ఆరిన ప్రతి చుక్కా తెల్ల మరక వదులుతుంది. గట్టును రోజూ తుడుస్తారు. గోడను అన్నిసార్లు తుడవలేరు.

రెండోది అచ్చ తెలుపు సబ్‌వే టైల్, 3 బై 6 అంగుళాలు. 1904లో మొదలైన న్యూయార్క్ సబ్‌వే స్టేషన్ల గోడల నుంచి లోకమంతా పాకిన నమూనా అది. అందమైనదే, శుభ్రమైనదే. కోడలు దాన్ని టేకు రంగు కప్‌బోర్డు పక్కన నిలబెట్టింది. ఆ తెలుపులో నీలి చాయ ఉంది. దాని పక్కన టేకు ఎర్రబారి, దాదాపు నారింజ రంగుగా కనిపించింది. ఆమె ఒక తెల్ల కాగితం తెచ్చి ప్రతి టైల్ పక్కనా పెట్టింది. విడిగా చూస్తే అన్నీ తెలుపే అనిపించినవి, కాగితం పక్కన ఒకటి నీలంగా, ఒకటి పసుపుగా, ఒకటి గులాబీగా తేలాయి. ఈ లోపలి చాయే అసలు కీలకం. టేకు వెచ్చని రంగు, నా చుక్కలు వెచ్చని రంగు. గోడ కూడా వెచ్చని చాయదే కావాలి.

మూడోది మొరాకో పూలడిజైన్. చేతిలో పట్టుకుంటే కన్ను తిప్పుకోలేం. నా వెనుక నిలబెడితే మాత్రం నా చుక్కలు, దాని పూలు, సన్మైకా మీది చెక్క గీతలు మూడూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టాయి. ఇది ఒక కచేరీ లాంటిది, ఒకరు పాడుతున్నప్పుడు మిగిలినవారు శ్రుతి పట్టాలి. గట్టు నిండా చుక్కలుంటే గోడ సాదాగా ఉండాలి. గట్టు సాదా తెలుపో బూడిదో అయితే గోడ మీద పూలు పూయవచ్చు.

నాలుగోది పాలరాయి. పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో ఇప్పుడు దానికి మోజు ఎక్కువ. పాలరాయిలో ఉండేది ముఖ్యంగా కాల్షియం కార్బొనేట్. చింతపండు పులుసు, నిమ్మరసం పడితే దాని మెరుపు చచ్చి మచ్చ తేలుతుంది. నాకు ఆ భయం లేదు. చారు పొంగినా, పచ్చిపులుసు ఒలికినా తుడిస్తే పోతుంది. మన తెలుగు వంట పులుపు లేకుండా నడవదు కాబట్టి, ఈ గోడకు పాలరాయి వద్దు. ఆ సోయగమే కావాలంటే గుజరాత్‌లోని మోర్బీలో పాలరాతి గీతలు అచ్చువేసిన సిరామిక్ టైల్స్ తయారవుతున్నాయి.

అయిదోది దంతపు రంగు, 12 బై 24 అంగుళాల సిరామిక్. మరీ అద్దంలా మెరవదు, గరుకుగా జిడ్డునూ పట్టుకోదు. మధ్యస్థమైన నునుపు. దాన్ని నా వెనుక నిలబెట్టగానే నా ఒంటి మీది బంగారు చుక్కలు మేలుకున్నాయి. వాటి రంగే పలచనై గోడ మీదికి ఎక్కినట్టుంది. టేకు కూడా తన రంగులో తాను నిలిచింది.

అయినా, పాలమూరు నుంచి వచ్చిన టైల్స్ మేస్త్రీ తొందరపడనివ్వలేదు.

"మేడం, షోరూముల లైట్లు వేరే, మీ ఇంట్ల లైట్లు వేరే. పండవెట్టి చూడొద్దు, గోడకు నిలవెట్టి చూడాలె. పొద్దుగాల ఒకసారి, రాత్రి లైటేసినంక ఒకసారి చూసినంకనే బుక్ చెయ్యిండ్రి."

"సరే అన్నా, రెండ్రోజులు గోడకే ఉంచుతాం" అంది కోడలు.

ఆయన మాట నిజమైంది. రాత్రి 6500 కెల్విన్ చల్లని తెలుపు ట్యూబ్‌లైట్ కింద అదే దంతపు రంగు పాలిపోయి బూడిదబారింది. పై కప్‌బోర్డు కింద అంతకన్నా వెచ్చని 4000 కెల్విన్ ఎల్‌ఈడీ పట్టీ పెట్టి చూస్తే మళ్లీ తన రంగుకు వచ్చింది. టైల్ మార్చక్కర లేకుండా లైటు మారిస్తే సరిపోయింది. రంగు టైల్‌లో సగం, వెలుగులో సగం ఉంటుంది.

కొలతలూ కలిసొచ్చాయి. గోడ ఎత్తు రెండడుగులు. 12 అంగుళాల వెడల్పు టైల్ అడ్డంగా రెండు వరుసలు వేస్తే ఎత్తులో కోత లేకుండా సరిపోయింది. కిటికీ పోను 32 చదరపు అడుగులు, ఒక్కో టైల్ రెండు చదరపు అడుగులు, అంటే 16 టైల్స్. మూలలకూ స్విచ్‌బోర్డు కోతలకూ పది శాతం కలిపితే 18. పెట్టెకు అయిదు చొప్పున నాలుగు పెట్టెలు, అన్నీ ఒకే షేడ్ నంబరువి తెప్పించారు. మిగిలినవి లాఫ్ట్‌లో దాచారు, రేపు మళ్లీ పైపు కారినా గోడంతా మార్చే పని ఉండదు. సబ్‌వే టైల్స్ అయితే ఇదే గోడకు 256 పట్టేవి. వాటి మధ్య అన్ని సందుల్లోనూ పసుపు చేరేది.

సందుల గురించి మేస్త్రీ పట్టుదలగా ఉన్నాడు. సిమెంటు గ్రౌట్ పసుపునీ నూనెనీ పీల్చుకుంటుంది, అందుకే రెండు మిల్లీమీటర్ల సందు వదిలి ఎపాక్సీ గ్రౌట్ నింపాడు. దాని రంగు టైల్ కన్నా ఒక్క మెట్టు ముదురు. నాకూ గోడకూ కలిసే అంచులో మాత్రం సిలికాన్ పట్టించాడు. రాయి, గోడ ఒకేలా కదలవు. అక్కడ గట్టి గ్రౌట్ పెడితే బీట వారి, నీళ్లు నా వెనక్కి దిగుతాయి. అలా దిగిన నీళ్లే కింది కప్‌బోర్డుల ప్లైవుడ్‌ను ఉబ్బిస్తాయి. ఖర్చు తక్కువే అయినా కప్‌బోర్డుల ఆయుష్షు ఆ సన్నటి గీత మీద ఆధారపడి ఉంది.

ఈ నగరానికి టైల్స్ కొత్త కాదు. పాతబస్తీలో 1590లలో కట్టిన బాద్షాహీ ఆషుర్‌ఖానా గోడల మీద రంగురంగుల టైల్స్ పని ఇప్పటికీ వెలుగుతోంది. 1908 మూసీ వరదకు దాని కింది భాగం దెబ్బతింది. పైన నిలిచిన పాత పనిని అలాగే ఉంచి, కింద పోయిన చోటును రంగులతో పూరించారు. మిగిలినదాన్ని గౌరవించి పోయినదాన్ని సరిచేసుకోవడం హైదరాబాద్‌కు తెలిసిన విద్యే.

అందుకే సైబరాబాద్‌లో ఇళ్లు బాగుచేయించుకుంటున్న మీ అందరికీ ఈ రాయి మనవి ఒకటుంది. షోరూంకు వెళ్లే ముందు మీ వంటగదిలో కాసేపు నిలబడండి. గట్టు రాయిలో ఏ రంగు చుక్క ఉందో, కప్‌బోర్డుది వెచ్చని చాయో చల్లని చాయో, కిటికీ ఏ గోడకుందో, రాత్రి ఏ లైటు కింద వండుతారో చూసుకోండి. గట్టు ఒక ముక్క, కప్‌బోర్డు సన్మైకా ఒక ముక్క దొరికితే వెంట తీసుకెళ్లండి. సాంపిల్ తెచ్చి, నిలబెట్టి, పగలూ రాత్రీ చూశాకే డబ్బు కట్టండి. గట్టిగా ఉన్న రాయినీ చెక్కనూ కొత్త మోజు కోసం పీకించకండి. వాటికి నప్పే గోడను ఎంచుకోండి. మీ ఖర్చు తగ్గుతుంది, మీ వంటిల్లు నిండుగా ఉంటుంది.