ఊడకూడదనుకున్న అతుకు

టంకం పెట్టిన అతుకే గట్టి అతుకని చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకంతోనే నన్ను నమ్మిన ఒకతని పిన్‌బాల్ యంత్రాన్ని పాడుచేశాను. ఆ తెలివితక్కువతనం ఎక్కడ మొదలైందో నాకు నేను తేల్చుకోవాలి. అందుకే రాస్తున్నాను.

నేనుండేది చికాగో శివార్లలో. పిన్‌బాల్ యంత్రాలు చేసిన గాట్లీబ్, బాలీ, విలియమ్స్ ఇక్కడి కంపెనీలే. 1999లో విలియమ్స్ పిన్‌బాల్ తయారీ ఆపేసింది. ఆ కాలపు యంత్రాలు చాలావాటికి ఇప్పుడు ఇళ్ళ బేస్‌మెంట్లే చోటు. ఎవరో ఒకరు బాగుచేస్తూ ఉంటేనే అవి ఆడతాయి. అలాంటిదొకటి కొనుక్కున్న తెలుగు కుర్రాడు, నన్ను అన్నయ్యా అని పిలిచేవాడు, సగం దీపాలు వెలగడం లేదంటే వెళ్ళాను.

వెనక పెట్టె తెరవగానే జబ్బు కనిపించింది. బోర్డు మీద ఒక కనెక్టర్ గోధుమరంగుకి తిరిగి, వేలు తగిలితే పొడిగా రాలుతోంది. ఆట బల్ల మీద ఎప్పుడూ వెలిగే చిన్న దీపాలు 6.3 వోల్టుల మీద నడుస్తాయి. 44 నంబరు బల్బు ఒక్కొక్కటి 250 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. ఒక వరసలో 18 బల్బులుంటే 4.5 ఆంపియర్లు. అంత కరెంటూ ఒక సన్నటి పిన్నూ, దాన్ని పట్టుకున్న రేకూ తాకే చోటు గుండా వెళ్ళాలి. అక్కడ నిరోధం 0.01 ఓం ఉన్నంతకాలం పుట్టే వేడి 0.2 వాట్లే. తుప్పు పట్టి అది 0.1 ఓం అయితే వేడి 2 వాట్లవుతుంది. వేడికి రేకు బిగువు సడలుతుంది, సడలితే నిరోధం పెరుగుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. 5 ఆంపియర్ల ఫ్యూజు మాత్రం చెక్కుచెదరదు. ఫ్యూజు చూసేది కరెంటుని. ఆ కరెంటు ఏమీ పెరగలేదు మరి.

ఈ లెక్క నాకు అప్పుడూ తెలుసు. అదే నన్నిప్పటికీ బాధపెడుతుంది. తెలిసి కూడా, మాడింది కనెక్టరే కాబట్టి తప్పంతా కనెక్టర్‌దే అనుకున్నాను. దాన్ని కోసేసి, తీగల్ని తిన్నగా బోర్డుకి టంకం పెట్టేశాను. దీపాలన్నీ వెలిగాయి. ‘కొత్తదానిలా ఉంది అన్నయ్యా’ అన్నాడతను. నా చేతిలో పడ్డాక ఇక ఊడదని గర్వంగా ఇంటికొచ్చాను.

కొన్నాళ్ళకి అదే బోర్డు మీద ఒక ట్రాన్సిస్టరు షార్టయింది. అది మార్చాలంటే బోర్డు బయటికి రావాలి. మిగతా కనెక్టర్లన్నీ లాగితే ఊడివచ్చాయి. నేను అతికించిన చోట బోర్డు యంత్రానికి కట్టేసినట్టుండిపోయింది. ‘అన్నయ్యా, ఈ తీగలు ఎలా తీయాలి?’ అని ఫోన్ చేశాడు. కోయాలి, లేదా మళ్ళీ వేడిచేయాలి. వేరే జవాబు నా దగ్గర లేదు. నేనే వెళ్ళి వేడిచేశాను. ఏళ్ళ తరబడి వేగిన బోర్డు కదా, టంకంతో పాటు రాగి పొర కూడా లేచివచ్చింది. ఒక తీగైతే అప్పటికే, అతుక్కి కాస్త పైన, తెగడానికి సిద్ధంగా ఉంది. టంకం తీగ పోగుల్లోకి పాకి అంతమేర బిరుసెక్కిస్తుంది. బంతిని కొట్టే ఫ్లిప్పర్ ఆడిన ప్రతిసారీ యంత్రమంతా అదురుతుంది. బిరుసు ముగిసి మెత్తదనం మొదలయ్యే చోటే పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి. గడియ పెట్టాల్సిన తలుపుకి మేకులు కొట్టినవాడిని నేను.

టంకానికి దాని చోటు లేకపోలేదు. కాయిల్ చెవులకీ, బోర్డులో పిన్నులు దిగే రంధ్రాలకీ ఫ్యాక్టరీలోనే టంకం పెడతారు, అది సబబే. కానీ బోర్డు ఎప్పటికైనా బయటికి రావాల్సిన వస్తువు. అక్కడ కనెక్టరే ఉండాలి, దాన్ని సరిగ్గా కట్టాలి. తీగని మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోసి, పిన్నుని మూడువైపులా తాకే కొత్త రేకుని తీగ చుట్టూ గట్టిగా నొక్కి క్రింప్ చేయాలి. సరైన పనిముట్టుతో చేసిన క్రింప్‌లో పోగుల మధ్యకి గాలి కూడా దూరదు, అవతలి తీగ మెత్తగానే ఉంటుంది. బోర్డు మీది పిన్నులూ మార్చాలి. మాడిన పాత పిన్ను మీద కొత్త రేకు తొడిగితే అదీ మాడుతుంది.

అసలు వేడే తగ్గించాలని నాకు తట్టనే లేదు. 47 నంబరు బల్బుకి 150 మిల్లీ ఆంపియర్లు చాలు. అవే 18 పెడితే కరెంటు 2.7 ఆంపియర్లకి దిగుతుంది, అదే అతుకులో పుట్టే వేడి మూడోవంతుకి కాస్త ఎక్కువగా మిగులుతుంది. ఎల్‌ఈడీలు పెడితే ఇంకా తక్కువ. టంకమా, కనెక్టరా అని తేల్చుకునే ముందు, ఇది ఎందుకు మాడిందని అడగాల్సింది. అడగకుండానే జవాబు చెప్పాను.

నా అసలు అవివేకం చేతిపనిలో లేదు. ఆ యంత్రాన్ని ముట్టుకునే చివరి మనిషిని నేనే అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళనాటి యంత్రం నా దాకా వచ్చిందంటే, నా ముందు ఎందరో దాన్ని విప్పి మళ్ళీ విప్పడానికి వీలుగా బిగించబట్టే. వాళ్ళు నాకు ఉంచిన వీలుని నా తర్వాతివాడికి ఉంచలేదు.

లేచిపోయిన రాగి పొర స్థానంలో తీగ వేసి, కొత్త పిన్నులు దించి, కనెక్టర్ మళ్ళీ కట్టాను. బల్బులు మార్చాను. ఏం చేశానో కాగితం మీద రాసి పెట్టె లోపల అంటించాను. ఆ బోర్డుని ఇప్పుడు ఎవరైనా నన్ను అడగకుండానే తీసి, తిరిగి పెట్టగలరు. నా పని బాగుందనడానికి అంతకు మించిన రుజువు నాకు అక్కర్లేదు.